వాడుక ఇండ్లు సంపాదించుట ఎట్లు?

సంక్రాంతికి ముందు పది దినములు మన పట్టణములలో ఇండ్లు శుభ్రము చేయువారికి ఊపిరి తీసికొనుటకు తీరిక యుండదు. బూజు దులుపుటకు, గచ్చు తోముటకు, కిటికీ అద్దములు తుడుచుటకు, నీళ్ల ట్యాంకు కడుగుటకు పిలుపు వెంట పిలుపు వచ్చుచుండును. పండుగ వెళ్లిన వారము దినములకు అదే ఫోను మూగవోవును. వేసవిలో అద్దె ఇండ్లు చేతులు మారునప్పుడును, గృహప్రవేశ ముహూర్తములు దగ్గర పడినప్పుడును మరల కొంత సందడి. ఆషాఢము ప్రవేశించినంతనే మరల నిశ్శబ్దము. ఇద్దరు ముగ్గురు పనివారిని పెట్టుకొని చిన్న వ్యాపారము నడుపుకొనువారికి ఈ ఆటుపోటులే పెద్ద పరీక్ష. పని యున్న మాసములో సంపాదించినది పని లేని మాసములో కరగిపోవును. అంతకంటె విచారకరమైన విషయ మేమనగా, పని నేర్చిన మనిషి మరియొక చోటు వెదకుకొని వెళ్లిపోవును.

ఇట్టి వ్యాపారమునకు స్థిరమైన ఖాతాదారులు దొరకుట ఎట్లు అను ప్రశ్నను ఈ ప్రసంగమున విచారింప దలచితిమి. చీపురు, బకెట్టు, నాలుగు తుడుపుగుడ్డలు కొనుట సులభము. పని నేర్చుకొనుటయు కష్టము కాదు. పది నెలలైనను విడువక పిలుచు పది ఇండ్లను సంపాదించుటయే కష్టము.

మన వాడుకలో ఇందుకు ఒక చక్కని మాట యున్నది. "మా ఇంటికి వాడుక పాలు పోయును" అందుము. పాలవాడు ప్రతి ఉదయము వచ్చి బేరమాడడు; మనమును ప్రతి ఉదయము ధర అడుగము. చెంబు గడప వద్ద నుండును, పాలు పోయబడును, లెక్క నెలకొకసారి చూతుము. ఈ "వాడుక" అను మాటలో అలవాటును ఉన్నది, నమ్మకమును ఉన్నది. పరిశుభ్రతా వృత్తిలో నున్నవాడు వెదకవలసినది గిరాకీని కాదు, వాడుకను. గిరాకీ పండుగతో వచ్చి పండుగతో పోవును. వాడుక నెలతో పాటు తిరుగును.

పూర్వము మన పల్లెలలో ఈ నిలకడ మరియొక రూపమున నుండెడిది. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి మొదలగు పన్నెండుగురు ఆయగాండ్రకు ఊరిలో ఇండ్లు ఏర్పడి యుండెడివి. పంట నూర్చిన నాడు కళ్లములోనే వారి వంతు ధాన్యము కొలిచెడివారు. పని వెదకుకొనవలసిన అవసరము వారికి లేకుండెను. కాని ఆ నిలకడకు చెల్లించిన మూల్యము తక్కువ కాదు. పని పుట్టుకతో నిర్ణయమై యుండెను. కాదనుటకు స్వేచ్ఛ లేదు. కొలిచిన దానిని మారు మాటాడక కట్టుకొని పోవలసినదే. నేటి చిన్న వ్యాపారి ఆ పాత పద్ధతి నుండి నిలకడను మాత్రము గ్రహింపవలెను. ఆ బానిసత్వమును అక్కడనే విడువవలెను. నేటి వాడుకకు ఆధారము ఇరువురు సమానులు చేసికొను ఒడంబడిక.

వాడుక ఇండ్లు ఎక్కడ దొరకును? మా అభిప్రాయమున మూడు తావులు ముఖ్యమైనవి.

మొదటిది అపార్టుమెంటు సంఘములు. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణము, గుంటూరు, వరంగల్లు వంటి నగరములలో ఒకే కప్పు క్రింద పది, ఇరువది, ముప్పది కుటుంబములు నివసించుట సామాన్యమైనది. 1987లో చేయబడిన అపార్టుమెంట్ల చట్టము ఫ్లాట్ల యజమానులు సంఘముగా ఏర్పడి మెట్లు, కారిడార్లు, మిద్దె, సెల్లారు మొదలగు ఉమ్మడి భాగములను నిర్వహించుకొను ఏర్పాటు చేసినది. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టము, అనగా రేరా, యజమానుల సంఘము ఏర్పడునట్లు చూచు బాధ్యతను నిర్మాతపై నుంచినది. కనుక ఉమ్మడి భాగములు గల భవనమునకు సాధారణముగా ఒక అధ్యక్షుడు, ఒక కార్యదర్శి, ఒక కోశాధికారి, ప్రతి నెల వసూలు చేయు మెయింటెనెన్సు సొమ్ము ఉండును. వందల ఇండ్లు గల పెద్ద ప్రాంగణములు పెద్ద కంపెనీలకు కంట్రాక్టు నిచ్చును. అచ్చట చిన్నవాడు పోటీపడుట వ్యర్థము. పది మొదలు ముప్పది ఫ్లాట్లు గల భవనములు అంత పెద్ద కంపెనీలకు గిట్టవు. చిన్నవాని స్థానము అదియే.

రెండవ తావు చిన్న సంస్థలు: దంతవైద్యుల క్లినిక్కులు, రక్తపరీక్షల కేంద్రములు, విద్యార్థుల వసతిగృహములు, ట్యూషను కేంద్రములు, కల్యాణమండపములు. వీరికి శుభ్రత సౌకర్యము మాత్రమే కాదు, వ్యాపారములో భాగము. నేలపై మరక యున్న క్లినిక్కునకు రోగి రెండవసారి రాడు. ఆ సంగతి వైద్యునకు బాగుగా తెలియును.

మూడవది తాళము వేసియున్న ఇండ్లు. అమెరికాలోను, గల్ఫు దేశములలోను, ఆస్ట్రేలియాలోను నున్న తెలుగువారు పలువురు ఇచ్చట ఇండ్లు, ఫ్లాట్లు కలిగియున్నారు. మనుషులు లేని ఇల్లు మనుషులున్న ఇంటికంటె త్వరగా పాడగును. స్నానపుగది గొట్టములోని వంపులో నిలిచిన నీరు మురుగువాసనను, బొద్దింకలను అడ్డుకొనుచుండును. ఇల్లు మూసియుంచిన కొన్ని వారములలో ఆ నీరు ఇంకిపోవును, పిమ్మట ఇల్లంతయు దుర్గంధమగును. చెదలు తలుపు చట్రములోనికి నిశ్శబ్దముగా ప్రాకును. ఇన్వర్టరు బ్యాటరీలో నీరు తగ్గును. నెలకు రెండు పర్యాయములు పోయి కిటికీలు తెరచి, ప్రతి కుళాయిని కొంతసేపు విడిచి, గోడల చెమ్మను చూచి, పది ఛాయాచిత్రములు తీసి యజమానికి పంపువాడు దొరకినచో, దూరదేశమున నున్నవారు అతనిని సులభముగా విడువరు. ఐతే ఇచ్చట అప్పగింపబడునది చీపురు పని కాదు, తాళపుచెవి. ఎవరి చెవి ఎవరి వద్ద ఏ దినమున ఉన్నదో పుస్తకమున వ్రాసి యుంచనివాడు ఈ పనిలో అడుగు పెట్టరాదు. పనివారి విషయమున పోలీసు ధ్రువీకరణ తీసికొనుటయు ఇరువురకు క్షేమము.

ఇట్టివారిని కలిసికొనుట ఎట్లు? నగరమంతట కరపత్రములు పంచుటకంటె ఒక్క వీధిని ఎన్నుకొనుట మేలు. ఇందుకు లెక్క యున్నది. పదునైదు ఫ్లాట్ల భవనములో ఉమ్మడి భాగములు ఊడ్చి తుడుచుటకు ఒక మనిషికి రెండు గంటలు పట్టునని అనుకొందము. మూడు భవనములు ఒకే వీధిలో నున్నచో ఒకే మనిషి మధ్యాహ్నము లోపల మూడింటిని ముగింపగలడు. అవే మూడు భవనములు కూకట్‌పల్లిలో నొకటి, మణికొండలో నొకటి, ఉప్పలులో నొకటి యున్నచో దినమంతయు బస్సులోనే గడచి, రెండు భవనములే పూర్తియగును. ముగ్గురు పనివారితో ఒక వీధిలో తొమ్మిది భవనములు చూడవచ్చును. చెల్లాచెదరుగా నున్నచో ఆరు. ఆ వ్యత్యాసము బస్సు ఖర్చులో పోవు లాభము.

ఒకే వీధిలో నుండుటకు మరియొక ప్రయోజనము కలదు. వాచ్‌మాన్ పక్క భవనపు వాచ్‌మాన్‌తో మాటాడును. కార్యదర్శి సాయంకాలపు నడకలో పక్క సంఘపు కార్యదర్శిని కలిసికొనును. ప్రతి భవనమునకు నేడొక వాట్సాప్ బృందము కలదు. అందులో "మా మెట్లు ఇంత శుభ్రముగా ఎన్నడును లేవు" అను ఒక్క వాక్యము వేయి కరపత్రములకు సమానము. ఫోను యాప్ ద్వారా పని తెచ్చిపెట్టు సంస్థలున్నవి. ఆరంభములో పని లేనివానికి అవి ఉపకరించును. కాని పిలిచినవారు ఆ సంస్థ పేరు జ్ఞాపకముంచుకొందురే గాని, వచ్చిన మనిషి పేరు జ్ఞాపకముంచుకొనరు.

మొదటిసారి సంఘమువారిని చూడబోవునప్పుడు ధర చెప్పుటకు తొందర పడరాదు. మొదట భవనమంతయు తిరిగి చూడవలెను. వర్షపు నీరు పోవు గొట్టము మూతిలో ఆకులు చేరినవా? సంపు మూత సరిగా మూయుచున్నదా? సెల్లారులో నీరు నిలుచు మూల ఎక్కడ? ఇట్లు చూచి, దినదినము చేయునది, వారమునకు చేయునది, నెలకు చేయునది, ఆరు నెలలకు చేయునది అని నాలుగు వరుసలుగా తెల్లకాగితముపై తెలుగులో వ్రాసి ఈయవలెను. మృగశిర కార్తెకు ముందే మిద్దెమీది గొట్టములు శుభ్రము చేయుట, ఆరు నెలలకొకసారి ట్యాంకులు కడుగుట అందులో ఉండవలెను. అడుగక ముందే ఇవి వ్రాసిన మనిషిని చూచి, "ఇతడు మన భవనమును మనకంటె బాగుగా చూచినాడు" అని సంఘమువారు తలంతురు. ధర విషయము అప్పుడు మాటాడినను ఆలస్యము కాదు.

ట్యాంకు కడుగుట నొక ఉదాహరణగా తీసికొందము. నీరు తోడి, అడుగున చేరిన మడ్డి తీసి, గోడలు తోమి, కడిగిన పిమ్మట క్రిమినాశనము చేయవలెను. లీటరు నీటికి 50 మిల్లీగ్రాముల క్లోరిన్ చొప్పున, వేయి లీటర్లకు 50 గ్రాముల క్లోరిన్ కావలెను. 25 శాతము క్లోరిన్ గల బ్లీచింగు పౌడరైనచో అది 200 గ్రాములగును. ఆ నీటిని కొన్ని గంటలు నిలిపి, పూర్తిగా వదలి, మంచినీటితో మరల కడిగిన తరువాతనే వాడుకకు ఈయవలెను. పని ముగిసిన పిమ్మట ట్యాంకుపై తేదీని రంగుతో వ్రాయవలెను. ఆ తేదీయే ఆరు నెలల తరువాత మరల మిమ్ము పిలుచును.

వస్తుజ్ఞానము లేక వాడుకలు పోగొట్టుకొన్నవారు చాలమంది. స్నానపుగది మరకలకు యాసిడ్ పోసినచో తెల్లదనము వెంటనే కనబడును. కాని అదే యాసిడ్ పాలరాతి మెరుగును తినివేయును, పలకల నడుమనున్న సిమెంటును కరగించును. బోరునీటి వలన కుళాయిలపై పేరుకొను తెల్లని పొరకు నిమ్మ ఉప్పు కలిపిన నీరు చాలును. దానినైనను పాలరాతిపై పడనీయరాదు. విశాఖపట్టణమున సముద్రపు గాలికి ఇనుప చట్రములు త్వరగా తుప్పుపట్టును. అచ్చటి ఒడంబడికలో చట్రములను తుడిచి రంగు వేయుట యను అంశము చేర్చవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది: యాసిడ్‌ను, బ్లీచింగు పౌడరును ఎన్నడును కలుపరాదు. ఆ రెండును కలిసినచో విషవాయువు పుట్టును. మూసిన స్నానపుగదిలో అది ప్రాణాపాయము.

ఇక ధర. పని దొరకవలెనను ఆతురతతో పక్కవానికంటె తగ్గించి చెప్పుట ఈ వృత్తిలో సామాన్యమైన పొరపాటు. ఆరు తావులలో ఆరుగురు పనిచేయుచున్నారనుకొందము. ప్రతి మనిషికి వారమున ఒక దినము సెలవు కావలెను. కనుక వారమున ఆరు దినములు ఎవరో ఒకరి స్థానము ఖాళీ యగును. ఆ ఆరు దినములను నింపుటకు ఏడవ మనిషి కావలెను. ఏడవ దినమున అతనికిని సెలవు. అనగా ఆరుగురి పనికి ఏడుగురి జీతము. ఈ లెక్క మరచి ధర చెప్పినవాడు మొదటి నెల సంతోషించును. రెండవ నెల జ్వరము వచ్చిన మనిషిని పనికి రమ్మని బలవంతపెట్టును. మూడవ నెల ఆ మనిషిని, నాలుగవ నెల ఆ భవనమును పోగొట్టుకొనును. జీతము, సెలవు, మందులు, చీపుర్లు, ప్రయాణము, తన శ్రమ అన్నియు చేర్చి చెప్పిన ధరకు ఒప్పుకొననివారు మన వాడుకదారులు కారనియే ఎరుగవలెను.

చట్టపు లెక్కలు కూడ కొన్ని తెలిసియుండవలెను. సేవల వ్యాపారములో ఏడాది రాబడి 20 లక్షల రూపాయలు దాటినచో జి.ఎస్.టి. నమోదు అవసరము, అనగా నెలకు సుమారు 1,66,000 రూపాయలు. పనివారు పదిమంది యైనచో ఈ.ఎస్.ఐ., ఇరువదిమంది యైనచో ప్రావిడెంటు ఫండు వర్తించును. 2020 జూలై నుండి ఉద్యం నమోదును రుసుము లేకుండ పొందవచ్చును. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టము ప్రకారము ఇట్లు నమోదైన చిన్న వ్యాపారికి కొనుగోలుదారుడు 45 దినములకు మించి బాకీ నిలుపరాదు. కార్యాలయముల కంట్రాక్టులు పెద్దవిగా కనబడును. కాని బిల్లు ఆలస్యమైనప్పుడు పనివారి జీతము ఆలస్యము కాకుండ చేతిలో కనీసము రెండు నెలల సొమ్ము ఉన్నవారే వానికి పూనుకొనవలెను.

ఎంత జాగ్రత్తగా చేసినను ఫిర్యాదు రాక మానదు. మొదటి ఫిర్యాదు వచ్చిన దినమే వాడుక నిలుచునో పోవునో తేలును. "మా మనిషి తుడిచినాడే" అని వాదించుటకంటె ఆ సాయంకాలమే స్వయముగా పోయి చూచి, సరిచేసి, పుస్తకమున వ్రాసి, కార్యదర్శి చేత సంతకము చేయించుకొనుట మేలు. సంఘపు కార్యవర్గము ఏడాదికో రెండేడులకో మారును. క్రొత్త కార్యదర్శికి పాత స్నేహము తెలియదు. ఆ పుస్తకము మాత్రము మన పక్షమున సాక్ష్యము చెప్పును.

వాడుకదారు అడిగిన దెల్ల చేయుటయే నమ్మకము నిలుపుకొనుట యని కొందరు భావింతురు. అది సరికాదు. సెప్టిక్ ట్యాంకు నిండినది, మనిషిని దింపి తీయించుమని ఎవరైన అడుగవచ్చును. "పైన ఐదువందలు ఇత్తుము" అనవచ్చును. దానికి ఒక్కటే సమాధానము: దింపము. 2013 నాటి చట్టము రక్షణ పరికరములు లేకుండ మనిషిని మురుగుగుంటలోనికి దింపుటను నిషేధించినది. మొదటి తప్పునకే రెండేండ్ల వరకు కారాగారము, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండును విధింపవచ్చును. 2023 అక్టోబరులో సుప్రీము కోర్టు మురుగుకాలువలలో మరణించినవారి కుటుంబములకు ఈయవలసిన పరిహారమును 10 లక్షల నుండి 30 లక్షల రూపాయలకు పెంచినది. కాని ఏ పరిహారము మనిషిని తిరిగి తేదు. యంత్రముతో మురుగు లాగు బండిని పిలిపించుటయే మార్గము. మంచినీటి సంపులోనికి దిగునప్పుడు సైతము మూతలన్నియు చాలసేపు తెరచియుంచి, పైన ఒక మనిషిని కావలి యుంచక దిగరాదు. ఇందువలన ఒక వాడుక పోయినను పోనీయవలెను. మనిషిని పోగొట్టుకొన్న వ్యాపారమునకు మరియే వాడుకయు నిలువదు.

దీనితో మేము మొదట చెప్పిన విషయమునకే తిరిగి వచ్చుచున్నాము. పనివారు ఎందుకు వెళ్లిపోవుచున్నారు? ఇల్లు గలవారు దినమునకొక క్రొత్త ముఖమును గడపలోనికి రానీయరు. నిన్న వచ్చిన అమ్మయే నేడును రావలెను. ఏ గదిలో పసిబిడ్డ నిద్రించునో, ఏ మొక్కకు నీరు పోయవలెనో ఆమెకు తెలిసి యుండవలెను. ఆమె నిలిచియుండవలెనన్నచో ఆమె జీతము నెల మొదటి వారములో అందవలెను; ఆమెను పేరుతో పిలువవలెను; త్రాగుటకు నీరు, కాలకృత్యములకు చోటు, ఐదవ అంతస్తునకు బకెట్టు మోయునప్పుడు లిఫ్టు ఆమెకు లభింపవలెను. ఈ మాటలు ఒడంబడిక కాగితముపై వ్రాయుటకు సంకోచింప నక్కరలేదు. వాడుకదారులైన మన పాఠకులకును ఒక మనవి: మీరు ఇరువది దినములు ఆలస్యముగా చెల్లించు బిల్లు ఎవరో ఒకరి ఇంట ఇరువది దినముల బియ్యము.

స్థిరమైన వాడుక లేనిదే స్థిరమైన పనివారు ఉండరు. స్థిరమైన పనివారు లేనిదే స్థిరమైన వాడుక ఉండదు. ఈ రెండింటిలో ఏది ముందు అని కూర్చుండి ఆలోచించువానికి రెండును దొరకవు. వ్యాపారి చేతిలో నున్నది రెండవదియే. కనుక ఉన్న ఇద్దరు మనుషులను నిలుపుకొని, ఒక్క వీధిని ఎన్నుకొని, చెప్పిన వేళకు చెప్పిన పని చేయుచు ఒక ఏడాది గడపినచో, సంక్రాంతి వెళ్లిన తరువాత ఫోను మూగవోయినను విచారింప నక్కరలేదు. మరునాటి ఉదయము ఆరు గంటలకు ఏ గేటు వద్ద నిలువవలెనో ఆ ఇద్దరికిని ముందే తెలిసి యుండును.